మా వదిన చూసిన గులాబీ ఆకాశం

మొన్న మెట్రోలో చైతన్యపురిలో దిగాల్సినవాణ్ని ఎల్బీనగర్ దాకా వెళ్లిపోయాను. నిద్రపోయి కాదు, ఫోన్ చూస్తూ. చివరి స్టేషన్‌లో అందరూ దిగిపోయాక సెక్యూరిటీ అతను వచ్చి, "అన్నా, దిగవా ఏంది?" అని అడిగేదాకా నాకు ఒంటి మీద స్పృహ లేదు. ఫోన్‌లో ఏ దేశంవాడో ఒక కుర్రాడు పాత వీడియో గేమ్ చిప్పులో ఏముందో తవ్వి చూపిస్తున్నాడు. మేం టీవీకి తగిలించుకుని ఆడినదే ఆ ఆట. పసుపు రంగు క్యాసెట్ దోపితే ఒక పొట్టి మనిషి ఇటుకల మీదికి దుంకుతూ, గుంటలు దాటుతూ కుడివైపు పరిగెత్తేవాడు. దాన్ని తయారుచేసినవాళ్లు కొన్ని స్టేజీలు కట్టి, రంగులు కూడా వేసి, ఎందుకో మనసు మార్చుకుని తీసేశారట. తీసెయ్యడమంటే చెరిపెయ్యడం కాదని ఆ కుర్రాడు చెప్పాడు. అక్కడికి వెళ్లే దారి మూసేస్తారంతే, స్టేజీ మాత్రం ప్రతి క్యాసెట్‌లోనూ అలాగే ఉండిపోతుంది. ఇది చెప్పి, అలాంటిదొకటి తెరిచాడు. దాని ఆకాశం గులాబీ రంగులో ఉంది. ఆ ఆకాశం గురించి మా వదిన ఎన్నో ఏళ్ల కిందటే చెప్పింది. ఇంట్లో ఒక్కరూ నమ్మలేదు.

అవి తెలంగాణ ఉద్యమం ఉరకలెత్తుతున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో మాది కిరాయి ఇల్లు. నల్లగొండ పల్లె నుంచి వచ్చి బస్సు డ్రైవరైన మా నాయన సమ్మెలో ఉన్నాడు. పొద్దున్నే ఉద్యమ రంగైన గులాబీ కండువా మెడలో వేసుకుని చౌరస్తాకు పోవడమే అప్పుడాయన డ్యూటీ. నేను ఉద్యోగ పరీక్షలకు చదువుతున్న కోచింగ్ సెంటర్ బందులకు మూతపడింది. అన్న అంతకు కొన్ని నెలల ముందే తన ఆఫీసులో పనిచేసే కృష్ణా జిల్లా అమ్మాయిని ఇష్టపడి పెళ్లి చేసుకున్నాడు. అలా వదిన మా ఇంటికి సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది. నాయన చెడ్డవాడు కాదు. టీవీ చర్చలు చూస్తూ అవతలివాళ్లను ఎంత గట్టిగా తిడుతున్నా, వదిన వంటింట్లోంచి రాగానే చప్పున గొంతు తగ్గించేవాడు. అది మర్యాదే. కానీ గొంతు తగ్గిన ప్రతిసారీ తను పరాయిదన్న సంగతి వదినకు గుర్తొచ్చేది. తన మాట కూడా ఇంటి మనిషి మాటలా చెల్లితే చాలునని ఒకసారి అన్నతో అందట. అంతకు మించి ఆమె మమ్మల్ని ఏదీ కోరలేదు.

ఈ టీవీ గొడవకు మందు కనిపెట్టింది మా అమ్మ. "వార్తలు పెడితే ఇంట్ల కొట్లాట. సజ్జ మీదికెళ్లి గా ఆట దించుండ్రి, టీవీ జర సల్లగుంటది" అంది. నా చిన్ననాటి వీడియో గేమ్ అలా దుమ్ము దులుపుకుని కిందికి దిగింది. ముందు వదిన మొహమాటానికి ముట్టుకుంది, వారం తిరిగేసరికి దాన్ని మాకెవరికీ ఇవ్వడం మానేసింది. తెర మీద మనిషి దుంకినప్పుడల్లా తను కూడా చాప మీద నుంచి జానెడు లేచేది. ఓడిపోతే, "మరిదిగారూ, మీరు మాట్లాడించబట్టే పడ్డాను" అని నా మీదికి తోసేది. ఆమెకు శుభ్రం ఎక్కువ. బొమ్మ ఆగిపోతే మేం క్యాసెట్ తీసి నోటితో ఊదేవాళ్లం. అలా ఊదితే ఎంగిలవుతుందని వదిన చీర కొంగుతో తుడిచేది. ముందు స్విచ్చి ఆపాలని మేం చెబుతూనే ఉండేవాళ్లం, ఆమె మరిచిపోతూనే ఉండేది.

ఒకరోజు చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి, వండుకుని, అక్కడే కూర్చుని తినే నిరసన అది. అమ్మ తన పెద్ద గిన్నె ఎత్తుకుని బయల్దేరింది. నాయనా, అన్నా, నేనూ వెనకే వెళ్లాం. జలుబు చేసి వదిన ఇంట్లో ఉండిపోయింది. సాయంత్రం బట్టల నిండా పొగ వాసనతో మేం తిరిగొచ్చేసరికి ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది. కళ్లు మెరిసిపోతున్నాయి.

"మావయ్యగారూ, ఆటలో నేనో కొత్త చోటు చూశానండీ! బొమ్మ ఆగిపోతే క్యాసెట్ లాగి తుడిచి పెట్టాను. తెర అంతా వణికిపోయి అక్కడ తేలింది. శత్రువులు లేరు, పాట లేదు. ఒక జలపాతం ఉంది. నాకు పరిగెత్తబుద్ధి కాలేదు, మెల్లిగా నడిపించాను. ఆకాశమంతా గులాబీ రంగు!"

అంతే, నాయన పగలబడి నవ్వాడు. "గులాబీనా! మమ్ముల ఖుష్ చేసెతందుకు ఆకాశానికి గూడ కండువ కప్పినవా బిడ్డా?"

మేమందరం నవ్వాం. నాయన ముద్దుగానే అన్నాడు, కోడలు మా వైపుకి వచ్చేసిందని ఆయన సంబరం. వదిన మొహం మాత్రం పాలిపోయింది. "మిమ్మల్ని మెప్పించడానికి కాదండీ. నిజంగా చూశాను" అంది. ఉన్నపళంగా క్యాసెట్ లాగి, తుడిచి, మళ్లీ దోపింది. తెర మీద చారలు తప్ప ఏమీ రాలేదు. మళ్లీ లాగింది, మళ్లీ చారలే. "ఇంకా ఉందండీ, అక్కడ…" అని మొదలుపెట్టి, మా నవ్వు మొహాలు చూసి ఆగిపోయింది. లేచి అన్నం వార్చడానికి వెళ్లింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆ ఆట ముట్టలేదు. అబద్ధమన్నా ఓర్చుకునేదేమో, కాకా పడుతోందనుకోవడం ఆమెకు కొరుకుడు పడలేదు. మా ఇంట్లో మాత్రం నమ్మలేని మాటకు 'గులాబీ ఆకాశం' అనే పేరు స్థిరపడిపోయింది. రాష్ట్రం వచ్చింది, మెట్రో వచ్చింది, ఆ పేరు పోలేదు. ఎవరైనా ఆ మాటంటే వదిన కూడా నవ్వేది, నవ్వి పక్క గదిలోకి వెళ్లిపోయేది.

మొన్న ఎల్బీనగర్‌లో దిగి నేను ఇంటికి పోలేదు. ఆటో ఎక్కి తిన్నగా నాగోల్‌లో అన్నావాళ్ల ఫ్లాట్‌కు వెళ్లాను. అమ్మానాయనలు ఉండేదీ అక్కడే. దారంతా అదే ఆలోచన. అప్పట్లో ఈ క్యాసెట్ ఎన్ని ఇళ్లలో ఉండేదో! మా సందులోనే ఇంటింటికీ ఉండేది. ప్రతి దాని లోపలా ఆ జలపాతం దూకుతూనే ఉంది, ఆ ఆకాశం పరుచుకునే ఉంది, పైన మేం మాత్రం గుంటలు దాటుతూ పరిగెత్తాం. ఎక్కడో సముద్రాల అవతల ఎవరో ప్రాణం పెట్టి గీసి, ఎవరూ రాకుండా మూసేసిన చోటు అది. స్విచ్చి ఆపకుండా క్యాసెట్ లాగబట్టి, అందులోకి జలుబుతో ముక్కు తుడుచుకుంటూ మా వదిన నడిచి వెళ్లింది. తలుచుకున్నకొద్దీ నాకు గుండె నిండిపోయింది.

వదిన చిక్కుడుకాయలు గిల్లుతోంది. నాయన సోఫాలో ఉన్నాడు. ఏమీ చెప్పకుండా ఫోన్ ఇద్దరి మధ్యా పెట్టి వీడియో నడిపాను. జలపాతం వచ్చింది. ఆకాశం వచ్చింది. వదిన చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది. నాయన ముందుకు వంగాడు.

"జర ఆపు" అంది వదిన. ఆ 'జర' ఆమె నోట్లోకి ఎప్పుడొచ్చిందో మాలో ఎవరం గమనించలేదు. నేను ఆపాను. ఆమె కళ్లు మూసుకుంది. "ఇంకా కుడికి పోతే మెట్లుంటాయి. పైన చిన్న ఇల్లు. తలుపు తెరుచుకోదు, ఎంత తోసినా తెరుచుకోదు. కానీ కిటికీలో దీపం వెలుగుతూ ఉంటుంది. ఆ రోజు ఇది చెప్పబోతుంటేనే మీరు నవ్వేశారు."

నేను ఆ వీడియోను అంతకు ముందు ఆ ఆకాశం దాటి చూడలేదు. మళ్లీ నొక్కాను. పొట్టి మనిషి కుడివైపుకు నడిచాడు. మెట్లు వచ్చాయి. ఇల్లు వచ్చింది. తలుపు మూసి ఉంది. కిటికీలో పసుపు పచ్చగా దీపం.

నాయన కళ్లద్దాలు తీసి, పంచె అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. "గులాబీయే బిడ్డా. ఉన్నదే చెప్పినవు నువ్వు" అన్నాడు. ఫోన్ ఆమె వైపు తిప్పి, "మల్ల మొదటికెళ్లి చెప్పు. ఈసారి నేను నడుమ నవ్వ" అన్నాడు.

వదిన చిక్కుడుకాయల పళ్లెం పక్కకు జరిపి మొదలుపెట్టింది. క్యాసెట్ లాగి తుడిచిన దగ్గర్నుంచి, దీపం దాకా. కాలం కూడా చాలావరకు దారులే మూస్తుందని, లోపలి దీపాల జోలికి పోదని ఆ సాయంత్రం వింటూ అనుకున్నాను.