ఎస్తేరు మేడం పెట్టించిన కార్డు

వెండి రంగు కవరు కత్తిరించగానే కొత్త కార్డు వాసన గుప్పుమంది. సర్వర్‌కు మళ్లీ నెట్‌వర్క్ కార్డు మార్చే పని పడింది. ఏసీ హోరు తప్ప అలికిడి లేని ఈ గదిలో ఆ వాసన తగిలితే చాలు, ఎస్తేరు మేడం నా పక్కన నిలబడ్డట్టే ఉంటుంది.

విజయనగరంలోని ఈ ప్రైవేటు ఆసుపత్రిలో అప్పట్లో కంప్యూటర్ల విభాగమంటే మేమిద్దరమే. ఆవిడ పెద్ద, నేను నరసన్నపేట నుంచి కొత్తగా వచ్చిన సహాయకురాలిని. హాస్టల్లో నాతో మాట్లాడే మనిషి లేదు. ఆవిడ భర్త పోయాక ఒంటరిగా ఉండేవారు. ఆదివారం చర్చి, మిగతా రోజులు ఈ గది. క్యారేజీలో ఎప్పుడూ ఇద్దరికి సరిపడా తెచ్చేవారు. “ఒక్కదానికి వండితే కూర రుసి రాదే” అనేవారు.

స్కాన్ తీసిన బొమ్మ డాక్టరు గారి తెర మీదికి రావడానికి ఒక యుగం పట్టేది. రెండు భవనాలకీ బొమ్మలు దాచి పంపే సర్వర్ చెరొకటి ఉన్నా అంతే. వేగమైన కార్డు పెడితే ఒక్క సర్వరే చాలునని, అప్పుడు దాన్ని చూసుకునే మనిషి కూడా ఒక్కరే చాలునని యాజమాన్యం తేల్చింది. ఆ మాట విన్న రోజు నాకు అన్నం దిగలేదు.

“దీన్ని మన సేతుల్తో మనమే పెట్టుకోవాలేటి మేడం?” అన్నాను, కొత్త కార్డు వచ్చిన రోజు ఉక్రోషంగా.

“మరేటి సేద్దాం? బొమ్మ రాలేదని తలకి దెబ్బ తగిలినోడు అలా పడుండాలా? ముందు ఆ ఇనప పెట్టె ముట్టుకో. నీ ఒంట్లో కరెంటు దిగిపోవాల, లేపోతే కార్డు పాడైపోద్ది. తర్వాత కవర్లోంచి కార్డు తియ్యి.”

మధ్యాహ్నం రద్దీ తగ్గాక సర్వర్ ఆపి కొత్త కార్డు బిగించాను. నేను చేతులు దులుపుకుంటుంటే ఆవిడ లేచి డాక్టరు గారి గదికి నడిచారు. ఎప్పుడూ అంతే. ఎదురుచూసే మనిషి పక్కన కూర్చుని చూస్తే గాని పని అయినట్టు కాదు ఆవిడకి. వెనకే నేనూ వెళ్లేసరికి గోడవార బల్ల మీద ఓ రైతు, కొడుకు స్కాన్ కోసం బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. బొమ్మ మునుపటిలాగే నత్తనడక నడుస్తోంది.

“కార్డు కొత్తదే గానీ వైరు పాతదే కదే. అది ఆ జోరు లాగలేకపోతన్నాది. మార్సు” అన్నారు మేడం.

సర్వర్ గదికి వెళ్లి వైరు మార్చి వచ్చాను. బొమ్మ చటుక్కున తెర మీద పరుచుకుంది.

“వచ్చేసిందేటమ్మా?” అన్నాడు రైతు.

“వచ్చేసినాది నాయనా” అంటూ ఆవిడ నవ్విన నవ్వు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. పిల్లాడికి గండం లేదని డాక్టరు గారు చెప్పేదాకా ఆవిడ అక్కడి నుంచి కదల్లేదు.

ఇద్దరిలో ఒకరే ఉండాల్సిన రోజు రానే వచ్చింది. “కార్డు పెట్టింది పిల్లే. దాన్నే ఉంచండి” అని మేనేజరుకు చెప్పేసి ఆవిడ వెళ్లిపోయారు. ఏడుస్తూ ఆటో దాకా వెంట వెళ్లాను.

“ఒక్కరూ ఇంటికాడ ఏటి సేస్తారు మేడం?”

“ఏటి సేస్తాను? వండుకుంటాను, తింటాను.” ఆటో కదిలేముందు తల బయటికి పెట్టి, “ఆదివారం రాయే” అన్నారు. ఆవిడ కన్నుమూసేదాకా వెళ్తూనే ఉన్నాను.

ఇవాళ కార్డు మార్చి, అలవాటుగా డాక్టరు గారి గదిలో ఓ ముసలమ్మ పక్కన కూర్చున్నాను. బొమ్మ రెప్పపాటులో వచ్చింది. డాక్టరు పిలవగానే ఆమె లేచి తెర దగ్గరికి వెళ్లింది. వచ్చేసిందని మేడంతో చెబుదామని పక్కకు తిరిగాను. బల్ల మీద ఎవరూ లేరు.