సుద్ద గీసిన సీటు

రాయపూర్ పండరీ బజారులో ముదురు గోధుమరంగు దారం రీలు బేరమాడుతుంటే బావ ఫోన్ చేశాడు. "అమ్మ ఇంక నేదే" అన్నాడు. ఆ దారం తెమ్మని గంట క్రితం నన్ను పంపింది అత్తే. కొట్టతను "దీదీ, లేనా హై కి నహీ?" అంటూ కొంటానో లేదో రెండుసార్లు అడిగాడు. రీలు తీసుకుని బయటికొచ్చాను. స్కూటర్ ఎక్కడ పెట్టానో గుర్తురాక ఆ వీధంతా నాలుగు చుట్లు తిరిగాను. నలభై రోజులు కావస్తోంది. నా తిరుగుడు ఇంకా ఆగలేదు.

అత్త మా నాన్నకు అక్క. మామయ్య రైల్వేలో ఖలాసీగా శ్రీకాకుళం వైపు నుంచి రాయపూర్ వచ్చినప్పుడు ఆవిడ కుట్టుమిషను వెంట తెచ్చుకుంది. గుఢియారీలో పట్టాల పక్కనున్న ఇంటి ముందుగదిలో సైకిల్ రిక్షా సీట్లతో మొదలుపెట్టి, స్కూటర్ సీట్లు, ఆ తర్వాత కార్ల సీట్లు కుట్టింది. రైలు వెళ్తే ఆ ఇల్లంతా అదిరేది. రైలు కూత వినగానే అత్త మిషను ఆపేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఎంత పొడుగు గూడ్సు బండి అయినా అంతే. "అదురుతున్నప్పుడు కుడితే కుట్టు వంకరెళ్ళిపోద్ది. అదెళ్ళిపోనీ, మనకేటి తొందర?" అనేది.

నాకు తొందరే. చిన్నప్పట్నుంచీ కుదురు లేదు. కాలు కాలిన పిల్లి అని నాకు పేరు పెట్టింది కూడా ఆవిడే.

ఆవిడ పనిలో రెండు అలవాట్లుండేవి. సీటు అడుగున ఒక పక్క గట్టిగా కుట్టేది కాదు. పొడుగు పొడుగు పోగులతో కచ్చా కుట్టు వేసి వదిలేది. "మన తర్వాత ఇప్పీవోళ్ళుంటారు. ఆళ్ళు సింపకుండ ఇప్పుకోవాల కదేటి" అనేది. రెండోది, పాత తొడుగులోంచి అరచేతి అంత ముక్క కత్తిరించి కొత్త తొడుగు లోపల కుట్టేది. ముందు అక్కడ ఏముండేదో తర్వాతివాళ్ళకి తెలియాలట. ఇదంతా ఎవరు చూస్తారని నేను నవ్వేదాన్ని.

ఇక నా ఘనకార్యం. యాభై దాటాక నాకు ఒక పిచ్చి పట్టింది. కారు గుడ్డ టాపు వెనక్కి మడిచేసి, నయా రాయపూర్ రోడ్ల మీద గాలి కొట్టుకుంటూ పోవాలని. మందిర్ హసౌద్‌లో ఒక రైసు మిల్లు యజమాని షెడ్డులో అలాంటి కారే ఉందని తెలిసింది. ముదురాకుపచ్చ రంగు, రెండే సీట్లు, నా వయసుకి దగ్గర వయసున్న స్పోర్ట్స్ కారు. ఆయన దగ్గర లావుపాటి ఫైలు ఉంది. ఆయిలు ఎప్పుడు మార్చారో, క్లచ్చు ఎప్పుడు వేశారో, టైర్లు ఎప్పుడు కొన్నారో, అన్నిటికీ రసీదులు. "ఏక్ భీ సర్వీస్ మిస్ నహీ హై మేడమ్" అన్నాడాయన. నా మెకానిక్ ఇంజిను విని తల ఊపాడు. ఆదివారం నాగపూర్ నుంచి ఇంకో పార్టీ వస్తున్నారట. నేను ముళ్ళ మీద ఉన్నాను.

అత్తని తీసుకెళ్ళింది చిరిగిన టాపుకి కొలతలు తీసుకోవడానికే. ఆవిడ టాపు వైపు చూడనేలేదు. చెప్పులు విడిచి కారులో కూర్చుంది. సీటు కిందికి చేయి పోనిచ్చి వేళ్ళతో తడిమింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని తొడుగు అంచు ఎత్తి చూసింది.

"సూది కన్నాలు మూడు వరసలున్నాయే. సీటు ఎన్నిసార్లు మార్చినట్టుంది కాయితంల?"

ఫైలు తిరగేశాను. ఒక్కసారే.

"మరి మిగతా రెండుసార్లు ఎందుకిప్పినట్టు?"

మిల్లు యజమానిని అడిగి, తలుపు లోపలి అట్ట ఊడదీయించింది. అట్ట వెనక జానెడు ఎత్తున అడ్డంగా ఒక మచ్చ. టీ గ్లాసు లోపల మిగిలే గీత లాంటిది.

"నీటిల నిలబడ్డ బండే ఇది. ఇంజిను బాగుసేసుకున్నారు, కాయితం రాసుకున్నారు. కింద రేకు గురించి ఎవులూ రాయనేదు. పెళ్ళికొడుకు సొక్కా సూసి మురిసిపోతే ఎలాగ, కాలరు లోపల సూడాల. ఆ రేకు సూడకుండ కొనకు."

"ముఝే తో సచ్ మే మాలూమ్ నహీ థా" అన్నాడు మిల్లు యజమాని. ఆయనకీ నిజంగా తెలియదట, ఆ ఫైలు చూసే కొన్నాడట. నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. కానీ మాతో వచ్చిన మెకానిక్ మూతి పక్కకి తిప్పి నవ్వడం నా కంట పడింది. ఒళ్ళు మండింది. అతని మీద కాదు, అత్త మీద.

"నిన్ను తెచ్చింది టాపు చూడ్డానికత్తా. కారు సంగతి తెలిసినవాళ్ళు చూసుకుంటారు" అన్నాను.

అత్త కళ్ళజోడు మడిచింది. "అలాగేనే" అని టేపు తీసి టాపు కొలిచింది. ఆ మధ్యాహ్నమే నేను అడ్వాన్సు ఇచ్చేశాను. తిరుగుదారిలో ఆవిడ నాకు వేడి వేడి భజియాలు కొనిపెట్టింది, కారు ఊసెత్తలేదు.

మొదటి వానలకే నయా రాయపూర్ రోడ్డు మీద నా సీటు ఒక పక్కకి కుంగిపోయింది. కింద రేకు తుప్పు పట్టి, బోల్టుల దగ్గర అప్పడంలా విరిగింది. నెమ్మదిగా వెళ్తున్నాను కాబట్టి బతికిపోయాను. రోడ్డు పక్క నిలబడి అత్తకే ఫోన్ చేశాను.

"నీకేటీ కానేదు కదా?" అంది. లేదన్నాను. "అయితే రేకు మార్పించు. సీట్లు నాను కుడతాను."

అంతే. ముందే చెప్పానుగా అనే మాట ఆవిడ నోటి నుంచి ఏనాడూ రాలేదు. తిట్టి ఉంటే హాయిగా ఉండేది. రేకు మారాక కారుని ఆవిడ ఇంటి ముందు సందులో పెట్టాం. డ్రైవరు సీటు కుడుతూ, నీటి మరక పడ్డ పాత ముక్కని లోపల పెట్టబోతే అడ్డుపడ్డాను. రేపు అమ్మాల్సి వస్తే ఎవరైనా చూస్తారన్నాను.

"నీకు సెప్పనోళ్ళ మీద నీకు కోపం రానేదా? మరి నువ్వు దాసీస్తే?" అని ఆ ముక్క కుట్టేసింది.

తప్పయిపోయిందని ఆవిడతో చెప్పాలి. దానికి నేనొక ముహూర్తం పెట్టుకున్నాను. రెండో సీటు కూడా పూర్తయ్యాక, ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని, టాపు తీసేసి, అదే రోడ్డు మీద తీసుకెళ్ళి చెబుదామని. ఒక్క మాట చెప్పడానికి కారెందుకు? జీవితమంతా అన్నిటికీ తొందరపడి, ఆ ఒక్క మాట దగ్గర నిదానించాను.

ఆ రోజు పొద్దున్న కారులోనే రెండో సీటు మీద రెక్జిన్ పరిచి, సుద్దతో గీతలు గీసింది. సరిపోయే దారం అయిపోయింది. "సుద్ద గీసాక ఆలిసెం సేయకూడదే, సెరిగిపోద్ది. బేగి ఎళ్ళి అట్టుకురా" అంది. నన్ను తొందరపెట్టడం అదే మొదటిసారి. నేను వచ్చేలోపు ఒక స్కూటర్ సీటు కుడదామని మిషను ముందు కూర్చుందట. రైలు వచ్చింది, మిషను ఆగింది. రైలు వెళ్ళిపోయాక కూడా మిషను చప్పుడు మొదలవలేదు. అందుకని బావ లోపల్నుంచి వచ్చి చూశాడు.

ఆ గీతలు గాలికి పోతాయని నేను టాపు తెరవడం మానేశాను. పైన టార్పాలిన్ కప్పాను. అయినా వారం వారం పలచబడుతున్నాయి. గంటలో కుట్టిచ్చేస్తానని పక్క వీధి టైలరు అన్నాడు. వద్దన్నాను. రోజూ వస్తాను, చూస్తాను, వెళ్తాను. నిన్న చూస్తే ఒక గీత సగం లేదు.

నిన్న కారులో కూర్చుని, ఆ రీలు విప్పి, సూదిలో దారం ఎక్కించాను. ఆవిడ గీతల మీదే పొడుగు పోగులతో కచ్చా కుట్టు వేయడం మొదలుపెట్టాను. సుద్ద పోయినా దారి ఉంటుంది కదా. నా కుట్టు వంకరగా వస్తోంది. రెక్జిన్ మీద పడ్డ కన్నం మళ్ళీ పూడదు. తర్వాత విప్పేవాళ్ళకి కనపడుతుంది. కనపడనీ.

"తప్పయిపోయిందత్తా" అన్నాను, పైకే.

సగం గీత కుట్టేసరికి పట్టాల మీద కూత వినిపించింది. గూడ్సు బండి. కారు అదరడం మొదలైంది. సూది పైకి తీసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆఖరి పెట్టె వెళ్ళేదాకా కూర్చున్నాను.