పక్కింటి అక్కకు పట్నంలో గది వెతికిన రోజు

నా చిన్నప్పుడు మేము కోదాడలో ఉండేవాళ్ళం. పొలాలు గరిడేపల్లి దగ్గర, చదువులు కోదాడలో. పొలం చూసుకోవడానికి నాన్న ఎక్కువగా ఊళ్ళోనే ఉండేవాడు. ఇంట్లో అమ్మ, మా అక్క, నేను, మా తాతయ్య. పక్కింటివాళ్ళ వెనక గదిలో ఒక తల్లీ కూతురూ కిరాయికి ఉండేవారు. వాళ్ళదీ మా ఊరి వైపే. తండ్రి గొర్రెలు కాసేవాడు. మంద వెంట తిరుగుతూ ఎప్పుడో ఒకసారి వచ్చి కూతుర్ని చూసి పోయేవాడు. తల్లి నాట్లకూ కలుపులకూ పోయేది. ఆ కూతురూ మా అక్కా ఒకే కాలేజీలో బైపీసీ చదివారు. నేను ఆమెను పక్కింటి అక్క అనేదాన్ని కానీ, నిద్రపోవడానికి తప్ప ఆమె తన ఇంటికి వెళ్ళేదే కాదు.

ఇద్దరూ మెడిసిన్ ఎంట్రన్స్ రాశారు. పేపర్లో ర్యాంకులు పడ్డాయి. పక్కింటి అక్కది కాస్త ముందు, మా అక్కది కొంచెం వెనక. రెండూ అటూ ఇటూ కాని ర్యాంకులే. వస్తే రావచ్చు, లేకపోతే లేదు అని వాళ్ళ బాటనీ సారు అన్నాడట. ఆ ఒక్క మాట మీద మా రెండిళ్ళూ ఆ వానాకాలమంతా బతికాయి.

ఎదురుచూడటం అంటే ఏమిటో నేను అప్పుడే మొదటిసారి చూశాను. మా అక్క అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండేది, తినేది కాదు. చుట్టాల పెళ్ళిళ్ళకు రావడం మానేసింది, ఎవరైనా అడుగుతారని. అన్నం దగ్గర సీటు మాట ఎత్తొద్దని అమ్మ మా అందరికీ చెప్పింది. ఎత్తకపోయినా ఆ మాట మా కంచాల మధ్యనే ఉండేది. పక్కింటి అక్క ఇంట్లో కూర్చోలేక తల్లి వెంట నాట్లకు పోయేది. సాయంత్రం తిరిగి వచ్చేసరికి ఆమె వేళ్ళు నీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడి ఉండేవి.

చీకటి పడే వేళకు ఇద్దరూ మా డాబా మీద చేరేవారు. అక్కడ సీటు గురించి మాట్లాడుకునేవారు కాదు, గది గురించి మాట్లాడుకునేవారు. హాస్టల్లో చోటు దొరుకుతుందో లేదో, పట్నంలో ఇద్దరూ కలిసి ఒక గది తీసుకోవాలని వాళ్ళ ఆలోచన. కిటికీ పక్కన ఎవరు పడుకోవాలి, కిరోసిన్ స్టవ్ ఎవరు తేవాలి అని వాదించుకునేవారు. మా అక్కకు వంట రాదు కాబట్టి నీళ్ళు పట్టడం, గిన్నెలు తోమడం ఆమె వంతు. సెలవులకు నేను వస్తే ఇద్దరి మధ్యలో నాకు చోటు. చూడని ఆ గదిని నేను కూడా నా గదే అనుకున్నాను. రాత్రి కళ్ళు మూసుకుంటే దాని గోడలు కూడా కనిపించేవి.

చివరికి సీట్ల కోసం ఇద్దర్నీ పట్నం పిలిచారు. తాతయ్య తీసుకుపోయాడు. ఆ సాయంత్రం అమ్మా నేనూ బస్టాండులో నిలబడ్డాం. బస్సులోంచి ముందు పక్కింటి అక్క దిగింది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచి ఉంది. పాపం ఆమెకు రాలేదనుకున్నాను. వెనక మా అక్క దిగి, మమ్మల్ని చూడనట్టే దాటుకుని ఇంటి దారి పట్టింది. తాతయ్య అమ్మ దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు.

“ఈ పిల్లకొచ్చింది. మన పిల్లదాంక వచ్చేసరికి అయిపోయినయ్.”

సీటు వచ్చిన మనిషి అలా ఏడవడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

మా అక్క మంచమెక్కి గోడవైపు తిరిగింది. చుట్టాలు వచ్చి ఓదార్చారు. ఓదార్చడానికి వాళ్ళకు దొరికిన దారి పక్కింటి పిల్లను తక్కువ చేయడమే. వాళ్ళకైతే వస్తాయి, మనకెందుకు వస్తాయి అని ఒక పెద్దమ్మ అంది. తాతయ్య అది విని, “ఆ పిల్ల ర్యాంకు మన పిల్ల కంటె ముందున్నది. నేను పేపర్ల సూసిన” అన్నాడు. పెద్దమ్మ చాయ్ సగం తాగి లేచిపోయింది.

పక్కింటి అక్క కాలేజీలో చేరే రోజు దగ్గరపడింది. హాస్టల్లో చోటు తర్వాత చూద్దామన్నారట. ముందు ఉండటానికి ఒక గది కావాలి. తండ్రి మందతో వాడపల్లి దిక్కు వెళ్ళి ఉన్నాడు. వానలకు గొర్రెలకు జబ్బు తగిలి రోజూ ఒకటో రెండో పోతున్నాయని, వదిలి రాలేనని కబురు పంపాడు. తల్లి పట్నం ఎప్పుడూ చూడలేదు. ఆ పొద్దున పక్కింటి అక్క మా గడప దగ్గరికి వచ్చి నిలబడింది. అడగడానికి ఆమెకు నోరు రాలేదు. లోపల మా అక్క మంచం కనిపిస్తూనే ఉంది.

“రేపు పోదాం బిడ్డా, తయారుగుండు” అన్నాడు తాతయ్య.

ఆమె వెళ్ళిన తర్వాత అమ్మకు కోపం, దుఃఖం రెండూ వచ్చాయి. “ఇంట్ల పిల్ల గిట్ల పండుకోనుంటే, పక్కింటి పిల్లకు రూము ఎతుకపోతరా మామయ్యా?”

“నేను పోకుంటె మన పిల్ల దుఃఖం తగ్గుతదా?” అన్నాడాయన.

అమ్మ విసురుగా వంటింట్లోకి వెళ్ళిపోయింది. పొద్దున మాత్రం నన్ను నిద్ర లేపి జడలు వేసింది. ముసలాయన, వయసు పిల్ల మాత్రమే వెళ్తే ఇల్లు ఇచ్చేవాళ్ళు వెనకాడతారని, చిన్నపిల్ల వెంట ఉంటే నమ్ముతారని ఆమె ఆలోచన. నాకు వెళ్ళాలని లేదు. మా గదిలోంచి మమ్మల్ని తీసేసి ఒక్కతే వెళ్ళిపోతోందని పక్కింటి అక్క మీద నాకు కోపం. సూర్యాపేట దాకా ఆమె పక్కన కూర్చోకుండా తాతయ్య ఒళ్ళోనే కూర్చున్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది.

పట్నంలో కాలేజీ చుట్టుపక్కల సందులన్నీ తిరిగాం. మొదటి ఇంట్లో ఇంటావిడ బాగానే మాట్లాడింది. పిల్ల డాక్టరు చదువుతుందంటే ముచ్చటపడింది. ఆ తర్వాత, “మీరేమిటోళ్ళు?” అంది. కులం అడగడానికి అది మర్యాద మాట. తాతయ్య నోరు తెరిచేలోపే పక్కింటి అక్క తమ కులం పేరు చెప్పింది. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి చెబుతామని ఆవిడ తలుపు దగ్గరగా వేసింది. రెండో ఇంట్లోనూ అంతే. అక్కడ పెద్దవాళ్ళను అడుగుతామని కూడా అనలేదు. గది ఖాళీ లేదన్నారు, గోడకు కిరాయి బోర్డు వేలాడుతూనే ఉంది.

మూడో ఇంటి దగ్గర తాతయ్య ముందు నడిచాడు. ఇంటావిడ ఆ ప్రశ్న అడగ్గానే తడుముకోకుండా మా కులం పేరు చెప్పి, “నా మనుమరాలు. మా కొడుకు బిడ్డ” అన్నాడు. నేను ఆశ్చర్యపోయి ఆయన ముఖంలోకి చూశాను. అబద్ధం ఆడితే మమ్మల్ని కోప్పడే మనిషి, కొంచెం కూడా తొణకలేదు.

ఆవిడ ముఖం వికసించింది. కుర్చీలు వేసింది, చాయ్ పెట్టింది. మిర్యాలగూడలో వాళ్ళకు తెలిసినవాళ్ళు ఉన్నారట, వాళ్ళ ఊరి పేర్లు, ఇంటి పేర్లు చెప్పి తాతయ్యతో చుట్టరికం కలిపి చూసుకుంది. తర్వాత మేడ మీది గది చూపించింది. వెడల్పాటి కిటికీ, గాలి, వెలుతురు. నేను డాబా మీద విన్న గది అదే. నా కోపం కూడా మరిచిపోయి కిటికీ దగ్గరికి పరుగెత్తాను. వెనక్కి తిరిగి చూస్తే పక్కింటి అక్క గడప బయటే నిలబడి ఉంది. కింద ఆమె చాయ్ కూడా ముట్టుకోలేదు.

రేపోమాపో సామానుతో వస్తామని చెప్పి వీధిలోకి వచ్చాం. సందు మలుపు దగ్గర ఆమె ఆగిపోయింది.

“తాతయ్యా, నాకా రూమొద్దు.”

“ఏమైంది బిడ్డా? మంచిగున్నది గద.”

“మంచిగనే ఉన్నది. రేపు మా నాయనొస్తడు. గొంగడేసుకొని, చేతుల కట్టె పట్టుకొని వస్తడు. ఎవరని ఆమె అడిగితే నేనేం చెప్పాలె? మా ఇంటి జీతగాడని చెప్పాలెనా?”

ఆమె గొంతు పెంచలేదు. తాతయ్యను నిందించినట్టు కూడా అనలేదు. అడిగింది, అంతే. తాతయ్య పక్కనే మూసి ఉన్న దుకాణం మెట్టు మీద కూర్చుండిపోయాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఆయన అంత ముసలివాడని నాకు ఆ క్షణం దాకా తెలియదు.

“నీకు రూము దొరికితే సాలనుకున్న బిడ్డా,” అన్నాడు. “మీ నాయన నాకు యాదికే రాలె.”

ఆయన లేచి మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళాడు. మమ్మల్ని రావద్దన్నాడు. మేము గేటు బయట నిలబడ్డాం. లోపల ఏమన్నాడో వినపడలేదు కానీ, చేతులు జోడించడం కనిపించింది. ఇంటావిడ అరవలేదు. కుర్చీ పట్టుకుని అలాగే నిలబడింది. ఆయన బయటికి వచ్చి, “ఇయ్యదంట” అన్నాడు. కొంచెం దూరం నడిచాక, “ఇగ ఏమని చెప్పమంటవో నువ్వే చెప్పు” అని ఆమెను అడిగాడు.

“ఉన్నదే చెప్పుండ్రి” అంది పక్కింటి అక్క.

ఆ తర్వాత ప్రతి గడప దగ్గరా ఆయన అడగకముందే చెప్పేవాడు. ఈ పిల్ల తండ్రి గరిడేపల్లి దిక్కు గొర్లు కాస్తడు, మందకు జబ్బొచ్చి రాలేకపోయిండు, పిల్ల సొంతంగ సదివి సీటు తెచ్చుకున్నది, నేను వీళ్ళ పక్కింటోణ్ణి. కొందరు వినకుండానే తలుపు వేశారు. కొందరు విని, మంచిగా మాట్లాడి, లేదన్నారు. వాన పట్టుకుంది. నా చెప్పు తెగితే పక్కింటి అక్క నన్ను ఎత్తుకుంది. ఎత్తుకునే వయసు కాదు నాది. ఆమె మెడ చుట్టూ చేతులు వేసినప్పుడు ఆమె గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో నాకు తెలిసింది. మాటలో కనిపించనిదంతా అక్కడ ఉంది. నా కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

చివరికి ఒక బట్టలు కుట్టే ఆవిడ ఇంటి వెనక గది దొరికింది. పైన రేకులు. ఒక మంచం వేస్తే నడవడానికి దారి ఉండదు. ఆవిడ తాతయ్య చెప్పినదంతా మిషన్ ఆపకుండానే విన్నది. ఆఖర్న తల ఎత్తి, “మీ నాయన వస్తే ఎక్కడ పండుకుంటడు? ముందర వరండా ఉన్నది, చెప్పు” అంది. పక్కింటి అక్క సరేనని తల ఊపింది. ఆ రోజంతా ఏడవనిది అప్పుడు ఏడ్చింది.

ఇంటికి వచ్చేసరికి మా అక్క అదే మంచం మీద అదే గోడవైపు ఉంది. తాతయ్య ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పాడు. తాను ఆడిన అబద్ధం, పక్కింటి అక్క అడిగిన మాట, ఏదీ దాచలేదు. తన కులం పేరు చెప్పి, మనుమరాలన్న వరస చెప్పి, అవి వేరే పిల్లకు తొడగబోయానని చెప్పాడు. వింటోందో లేదో తెలియలేదు. అంతా అయ్యాక అక్క గోడవైపు నుంచే అడిగింది.

“ఆ రూములకు గాలొస్తదా?”

“రాదు బిడ్డా. సిన్న కిటికీ.”

అక్క లేచి కూర్చుంది. పట్నంలో దోమలు ఎక్కువని అమ్మ ఆమె కోసం కొన్న దోమతెర పెట్టెలోంచి తీసి, పక్కింటికి వెళ్ళింది. సంతోషంగా వెళ్ళిందని చెప్పను. వెళ్ళింది. వాళ్ళిద్దరి ఏడుపూ మా వంటింటి దాకా వినిపించింది. అమ్మ పొయ్యి దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

కథలో అయితే ఆ మరుసటి ఏడు మా అక్కకూ సీటు రావాలి. రాలేదు. ఆమె డిగ్రీ చదివింది, పెళ్ళయింది, మిర్యాలగూడలో టీచరుగా చేసింది. పక్కింటి అక్క డాక్టరయింది. మొదట్లో సెలవులకు వచ్చేది, తర్వాత రాకపోకలు పలచబడ్డాయి. ఎవరి తప్పూ లేదు. ఒకరిని చూస్తే మరొకరికి గుర్తొచ్చేవి ఎక్కువైపోయాయి, అంతే.

ఇప్పుడు నేను సూర్యాపేటలో ఉంటున్నాను. ఇక్కడే మెడికల్ కాలేజీ ఉంది. మా అక్క మనుమరాలు సీటు కోసం ఎదురుచూస్తోంది. ఇప్పుడు ఎదురుచూపంతా ఫోన్లోనే. ఆ పిల్ల దాన్ని చేతిలోంచి దించదు. సీటు ఏ ఊళ్ళో వస్తుందో, వస్తుందో రాదో తెలియకుండానే ఇంట్లో గదుల గురించి మాటలు మొదలయ్యాయి. మొన్న వాళ్ళ నాన్న నాతో, మీ దగ్గర ఉండాలని పిల్లకు ఆశగా ఉందని చెప్పాడు. పిల్ల ఆ మాట అన్నదో లేదో నాకు తెలియదు. నేను ఆ పిల్లను పక్కకు పిలిచి, నీకేమనుందమ్మా అని అడిగాను. జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. నేను తొందరపెట్టలేదు.

మంచి చేస్తున్నాననే ధీమాలో ఎదుటి మనిషి కనపడకుండా పోవడం ఎంత సులువో నేను మా తాతయ్య దగ్గర చూశాను. ఆయన కన్నా మంచి మనిషి నాకు తెలియదు. అందుకే ఆ భయం నన్ను వదల్లేదు. ఎవరి తరఫునైనా మాట్లాడవలసి వచ్చినప్పుడు నా నోటికి తేలిగ్గా వచ్చే మొదటి మాటను ఇప్పటికీ ఆపుకుంటాను. ముందు వాళ్ళ ముఖం చూస్తాను.