కాలవలో విడిచిన బుట్ట

ఊరు మారాలంటే కాలవ పడవే దిక్కయిన రోజులవి. ఇప్పుడు తలుచుకుంటే, ఆ వయసులో నాకు చదువు చెప్పడం మీదకన్నా పెద్దమనిషినని అనిపించుకోవడం మీదే యావ ఎక్కువేమోననిపిస్తుంది. నా భార్య యావంతా జనం పారేసిన వస్తువుల మీద. దారిలో తెగిన తాడు కనిపిస్తే చుట్టి నడుముకి దోపుకునేది. పొరుగువాళ్లు పెంట మీద పడేసిన విరిగిన కవ్వం సాయంత్రానికల్లా మా వంటింట్లో ఉండేది. "ఎందుకే ఇవన్నీ?" అంటే "ఉండనివ్వండి, అవేమన్నా అన్నం అడుగుతున్నాయా?" అనేది. కాపరానికొచ్చిన ఏడాదికే నాకు వాదించే ఓపిక అయిపోయింది.

రాజమండ్రిలో చిన్న పంతులుగా ఉన్న నాకు కాకినాడ దారిలో ఒక ఊరి బడిలో ఉద్యోగం వచ్చింది. ఆర్నెల్లు చూసి, నచ్చితేనే ఖాయం చేస్తారు. బడి పెద్దపంతులుగారే రేవుకు వస్తామని కబురు పెట్టారు. ఆయన ముందు ఈ చెత్తతో దిగడం ఎలాగన్న దిగులుతోనే ధవళేశ్వరంలో పడవెక్కాను. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుండగా, ఆ చెత్తంతా సర్దిన బుట్టను మెల్లగా కాలవలోకి విడిచాను. కవ్వం, జతలేని పావుకోడు, వాటి చుట్టూ ఎండు సొరకాయ బుర్రలు. (మునిగిపోతుందనుకున్నాను. పిల్లలు సొరకాయ బుర్రలు కట్టుకునే ఈత నేర్చుకుంటారన్న సంగతి పంతులుకి తట్టలేదు.)

పడవవాళ్లు భోజనాలకు ఆగారు. బుట్ట ఆగలేదు. తలుపులు తీసి పడవల్ని వదిలే లాకు దగ్గరికి మేం చేరేసరికి లాకు మనిషి దాన్ని గడతో ఒడ్డుకి లాగి, వచ్చిన పడవనల్లా అడుగుతున్నాడు.

"ఈ బుట్ట ఎవరిదండీ?"

నేను అవతలి గట్టు కేసి చూశాను.

"అయ్యో, మాదేనండీ!" అంటూ ఆవిడ లేచింది. "ఎలా పడిందండీ ఇది?"

"పడవ ఊగింది కదా," అన్నాను. (కాలవ ఆ రోజు ఒక్క అల కూడా లేకుండా నున్నగా పారుతోంది.)

ఆవిడ బుట్ట అందుకుని నీళ్లు వంచేసింది. మా అమ్మ నాకోసం కట్టిచ్చిన సున్నుండలన్నీ లాకు మనిషికి ఇచ్చేసింది. తర్వాత నడుముకి దోపుకున్న తాడు తీసి, ఒక కొస బుట్టకీ రెండో కొస నా మణికట్టుకీ కట్టింది. "మళ్లీ ఊగుతుందేమోనండీ."

రేవులో పెద్దపంతులుగారు ముందు తాడు చూశారు, తర్వాత బుట్ట, ఆ తర్వాత నన్ను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన వంగి పావుకోడు పైకి తీశారు. వెనకనుంచి మా ఆవిడ, "జాగ్రత్తండీ, దానికి జత వెతకాలి," అంది.

ఆయన పావుకోడును అటూ ఇటూ తిప్పి చూసి బుట్టలో పెట్టేశారు. చివరికి అలసిపోయిన గొంతుతో, "మా ఇంట్లో ఇలాంటివి మూడు బుట్టలున్నాయండి. పదండి, భోజనం చేద్దాం," అన్నారు. ఆర్నెల్ల తర్వాత నా ఉద్యోగం ఖాయమైంది.

నిజం చెప్పడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. ఆవిడ బియ్యంలో రాళ్లేరుతూ, తలెత్తకుండా, "తెలుసండీ. పడవ ఊగితే అంచున ఉన్న మీ పెట్టె కదా ముందు పడాలి?" అంది.

ఇప్పుడావిడకి మోకాళ్లు వంగవు. వీధిలో వెళుతూ ఆగి, "ఏవండీ, అదిగో," అని కాలి బొటనవేలితో చూపిస్తుంది. నా నడుమూ అంతంతమాత్రమే. అయినా, ఎవరైనా చూస్తున్నారా అని అటూ ఇటూ చూడడం మానేసి చాలా కాలమైంది. వంగుతాను.