వానకాలపు ఇంచార్జి

మొన్న శుక్రవారం పొద్దున అమ్మ ఫోన్ చేసి, "పక్కింటి అత్త పోయిందే" అంది. నిద్రలోనే పోయిందట. రిటైరై రెండేళ్లు కూడా కాలేదు. నేను హైదరాబాద్‌లో మూడో ఉద్యోగం వదిలేసి నాలుగోది వెతుక్కుంటున్న. బస్సెక్కి గోదావరిఖని చేరేదాకా ఆమె గొంతే చెవుల్లో.

మా క్వార్టర్‌కీ వాళ్ల క్వార్టర్‌కీ నడుమ ఒకటే గోడ. మామ జబ్బుతో పోతే ఆయన కొలువు అత్తకొచ్చింది. ఓపెన్‌కాస్ట్ గనిలో, అడుగున చేరే నీళ్లు తోడిపోసే పంపు సెక్షన్‌లో డ్యూటీ. ఇంటికి రాగానే గంబూట్లు కడిగి గోడ మీద బోర్లించేది. చాయ్ సాసర్‌లో పోసుకొని, పేపర్‌లో రాశిఫలాలన్నీ గట్టిగా చదివి, బాగున్న రాశిని ఆ రోజుకు తనది చేసుకునేది.

ఒక ఏడు వానలు మొదలైన వారానికే సెక్షన్ ఇంచార్జి లాంగ్ లీవ్ పెట్టాడు. వరుసలో ఉన్న ఇద్దరికీ ఒకేసారి నడుం నొప్పి వచ్చింది. అత్త సీనియర్ అని అందరికీ అప్పుడు గుర్తొచ్చి, ఇంచార్జి పని ఆమెకిచ్చారు. ఆమె కింద పనిచేసే కాక ఒకాయన మా లైన్లోనే ఉండేవాడు. ఒకటే నవ్వు.

"వదినా, వానకాలం ఇచ్చిన్రు. ఎండకాలం గుంజుకుంటరు సూడు."

"నాకు తెల్వదా? ఎండకాలమైతే నీ అసోంటోళ్లు లైన్ కడుదురు."

నేనప్పుడు ఇంటర్. తెలిసీ ఎందుకు ఒప్పుకున్నవని కోపంగా అడిగిన.

"వద్దంటే, ఆడోళ్లకిస్తే వద్దన్నరని రాసుకుంటరు బిడ్డా. మల్ల ఎవ్వలకియ్యరు."

నెల తర్వాత మూడు రోజులు ఆగని ముసురు. నీళ్లు పెరుగుతుంటే పెద్ద మోటర్‌ను కాకతో కలిపి ఆరుగురు పైకి గుంజుతున్నారు. వాళ్ల తలల మీదున్న మట్టిగట్టులో అత్తకు సన్నటి పగులు కనబడింది. మోటర్ వదిలేసి ఆరుగురినీ పైకెక్కమంది. కాక కదల్లేదు.

"ఇంకో అర్ధగంటల అయిపోతది. మోటర్ మునిగితే నీ ఇంచార్జి గూడ మునుగుతది!"

"మునగనీ. నువ్వు ముందు ఎక్కు."

అందరూ ఎక్కినంక తనెక్కింది. మోటర్ మునిగింది. గట్టు మాత్రం పడలేదు. ఆ వానకాలమంతా పడలేదు.

అదే మాట మగాయన అంటే అనుభవం అనేవారు. ఆమె అన్నందుకు భయం అన్నారు. మోటర్ పోయినందుకు పెట్టిన విచారణలో ఒక సారు, "భయపడ్డవా అమ్మా?" అంటే, "పడ్డ సార్. పడాలనే గదా ఇంచార్జిని పెట్టేది" అన్నదట. ఎండలు ముదరకముందే ఆ పని తీసేసుకున్నారు. మళ్లీ వానలకు పిలిస్తే, "ఏడాది పొడుగుత ఇస్తెనే" అని కూర్చుంది. ఇచ్చారు. రిటైరయ్యేదాకా ఆమెదే. కాక ఆమె కిందే పనిచేశాడు, గొణుక్కుంటూ. మొన్న పాడెకు ముందు భుజం పట్టిందీ ఆయనే.

నాకు మాత్రం ఆ విచారణ నాటి సాయంత్రమే గుర్తొస్తుంది. అత్త మెట్ల మీద కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మూడిళ్ల అవతల కాక అన్నం ముందు కూర్చొని, "ఆడామె మాట విని బంగారమసోంటి మోటర్ ముంచుకున్నం!" అని లొల్లి. నేను లేవబోతే చెయ్యి పట్టి గుంజింది.

"కూసో. తిట్టనీ. ఇంట్ల బువ్వ తినుకుంట తిడుతుండు గదా."

అంతలో కాకకు పొలమారింది. ఒకటే దగ్గు. వాళ్లావిడ నీళ్లు తెచ్చినట్టుంది. మళ్లీ తిట్లు మొదలయ్యేదాకా, అత్త చేతిలోని చిక్కుడుకాయ ఒలవకుండా అట్లనే ఉంది.