గొంతులోని జంట గింజలు

యగానా సాధించిన మొదటి విజయం ఆరు బొట్ల నీరు. జిందేర్ పట్నం ఆసుపత్రిలో వైద్య శిక్షణ మొదలైన నాలుగో నెలలో, మూడుసార్లు ఎముకకు తగిలి వెనక్కొచ్చిన సూది నాలుగోసారి ఒక సిపాయి నడుములో రెండు వెన్నుపూసల సందున సరిగ్గా దూరింది. బొట్టు బొట్టుగా ఆరు బొట్లు సీసాలో పడ్డాయి. ఊటనీటిలా తేటగా ఉన్నాయి. మెదడు పొరలను పట్టే మెడబిగుసు జబ్బయితే ఆ నీరు మబ్బుగా ఉండేది; సిపాయి బతుకుతాడని ఆ తేటదనమే చెప్పింది.

మా ఊరు గర్సోరిలో ఆరో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల ఆమె. ఒంటిమీద తెల్లకోటు వేసుకున్న మొదటి మనిషీ ఆమే. ఆ తర్వాత పద్నాలుగేళ్లలో రెండువందల పదకొండు నడుముల్లోంచి నీరు తీసింది. ఒక్కరి కాలూ పడిపోలేదు. ఒంటె మీద పద్దెనిమిది ఊళ్లకు టీకాలు మోసింది. జిల్లా అధికారి స్వయంగా ఇచ్చిన మెచ్చుకోలు పత్రం ఆమె నడిపే మా ఊరి దవాఖానా గోడకు ఇప్పటికీ ఉంది, ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు.

ఆ ఆరు బొట్లు తీసిన వారానికే ఆమెకు ఇంకొకటి కూడా తెలిసింది. శిక్షణకు వచ్చినవాళ్లందరి గొంతుల్లోనూ ల్యాబు డాక్టరు దూదిపుల్ల తిప్పి, ఆ తడిని పెంచి, రంగు వేసి, యగానాను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచాడు. ఎర్రటి గింజలు, రెండేసి, ఒకదాని పొట్టకు ఒకటి ఆనించుకుని పడుకున్నట్టున్నాయి.

“మెడబిగుసు జబ్బువే కదా ఇవి! ఎవరు డాక్టరుగారూ ఆ రోగి?”

“రోగెవరూ లేరమ్మా. నీ గొంతులోవే.”

“నాకు జ్వరమైనా లేదే!”

“రాదు. అద్దెకున్నట్టు కొన్ని వారాలుంటాయి, చెప్పకుండా పోతాయి. పదిమందిలో ఒకరి గొంతులో ఎప్పుడూ ఉంటూనే ఉంటాయి. ఎక్కడో ఒక్కరిలో మాత్రం లోపలికి నడుస్తాయి.”

ఎలా నడుస్తాయో కూడా ఆయనే చెప్పాడు. దుమ్ముగాలికి గొంతు పొర ఎండి బీటలువారుతుంది. ఆ బీటలోంచి నెత్తుట్లోకి దిగుతాయి. ఒంటికి చక్కెరలాంటి పైతొడుగు ఉంటుంది కాబట్టి నెత్తుటిలోని కాపలా కణాలు వాటిని పట్టుకోలేవు. మెదడు చుట్టూ ఉన్న సన్నని నాళాల గోడ మిగతా ఒళ్లంతటిలోకీ గట్టిది, సందులేకుండా కుట్టినట్టుంటుంది. అక్కడికి చేరి, వెంట్రుకల్లాంటి పోగులతో అంటుకుని ఊరుకుంటాయి. గోడను బద్దలు కొట్టవు. వాటి స్పర్శకు గోడే తన కుట్లు తను విప్పుకుంటుంది. లోపలి నీళ్లలో కాపలా ఉండదు. ఇక అక్కడ వాటిదే ఇల్లు.

ఆ రోజు నుంచి దుమ్ము నెలల్లో గుటక మింగినప్పుడల్లా యగానా ఒక్క క్షణం ఆగి, లోపలికి చెవి పెట్టేది.

ఈ ఏడు ఫిబ్రవరిలో పదకొండు రోజులు సూర్యుడు కనబడలేదు. మిట్టమధ్యాహ్నం ఆకాశంలో సొట్టపడ్డ రేకుపళ్లెంలా ఏదో తెల్లగా ఉండేది. మనుషులకు నీడ పడేది కాదు. తాళం వేసిన పెట్టె తెరిస్తే మడత పెట్టిన బట్టల మధ్య కూడా మెత్తటి దుమ్ము ఉండేది.

ఊరికి ఉత్తరాన, పశువులు మేపే ఫులానీ జాతివాడు బెర్మో తన మందతో దిగి ఉన్నాడు. యగానా కనూరీ మనిషి. మా వైపు ఈ రెండు జాతులూ పుట్టుకతోనే వేళాకోళపు చుట్టాలు. ఎదురుపడితే తిట్టుకోవాలి, చేతిలో ఉన్నది లాక్కోవచ్చు, కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు. అలాగే ఒకరోజు యగానా బెర్మో చేతిలోని పాలబుర్ర లాక్కుని సగం తాగి, మిగతాది అతని ఏడేళ్ల కూతురు మోవా నోటికి అందించింది.

నాలుగు రోజుల తర్వాత ఉదయం దవాఖానాకు పోతూ ఆమె మకాం దగ్గర ఆగింది. మోవా గుడిసె వెనక తలమీద గుడ్డ కప్పుకుని కూర్చుంది. రాత్రి వాంతి చేసుకుందట. ఒళ్లు కాలుతోంది. ఆ గుడ్డివెలుతురుకే కళ్లు చికిలించుకుంటోంది.

“ఒరేయ్ ఆవుతోకా, నీ పిల్లకి బాగాలేదు. నాతో పంపు.”

“వచ్చిందమ్మా చేపలు తినే బానిస!” అన్నాడు బెర్మో. “మొన్న పాలు కాజేశావు, ఇవాళ పిల్లని కాజేద్దామనా?”

“నిజంగా చెబుతున్నాన్రా. ఇది ఆ జబ్బేమో.”

“కనూరీ నోట నిజమా! అమ్మా, విన్నావా? ఇవాళ దుమ్ము ఎందుకింత లేచిందో ఇప్పుడర్థమైంది!”

అతని తల్లి గోరో ముసలమ్మ పడీపడీ నవ్వింది. యగానాకూ నవ్వొచ్చింది. చిన్నప్పటి నుంచి ఆ మాటలకు నవ్వడం అలవాటైపోయిన నోరు అది. “నీ ఆవులకున్న బుర్ర నీకు లేదురా,” అనేసి కదిలింది. దవాఖానా ముందు నలభైమంది కూర్చుని ఉన్నారు. మధ్యాహ్నం వస్తే సరిపోతుందనుకుంది.

అయిదు గంటల తర్వాత వచ్చేసరికి మకాంలో చప్పుడు లేదు. దూడలు కూడా అరవడం లేదు. మోవా చాపమీద పక్కకు పడుకుని ఉంది. తల వెనక్కి, ఇంకా వెనక్కి వంగిపోయి, వెనకాల నిలబడ్డ ఎవరినో చూస్తున్నట్టుంది. “ఊఁ,” అంటోంది మధ్యమధ్య. “ఊఁ, వస్తున్నా.” అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. తొడమీద నలిపిన నేరేడుపండ్లలాంటి మచ్చలు. యగానా గాజుగ్లాసు అదిమి చూసింది. అదిమినా మచ్చ పాలిపోలేదు; ఆ జబ్బే.

పాలబుర్ర గుర్తొచ్చింది. తను నోరుపెట్టిన బుర్రే పిల్ల నోటికి అందించింది; తన గొంతులోంచే అంటిందేమో.

“నడుములోంచి నీళ్లు తీసి చూడాలి. నూనెలో కలిపిన మందు సూదితో పొడవాలి. ఇప్పుడే,” అంది.

బెర్మో లేచి నిలబడ్డాడు. “వద్దు యగానాగారూ,” అన్నాడు నెమ్మదిగా. “నిరుడు మా బావమరిదికి తీశారు. ఆ నీళ్లతోనే ప్రాణం పోయింది. మీరు వెళ్లిరండి.”

పద్నాలుగేళ్లలో అతను ఆమెను ‘గారూ’ అనలేదు. ఆ ఒక్క మర్యాదతో చుట్టరికం తెగ్గొట్టాడు. ఇప్పుడామె పరాయి మనిషి, పొమ్మంటే పోవలసిన మనిషి. బావమరిదిని చచ్చే గడియకు తెచ్చారని చెప్పినా వినడు. బతిమాలితే ఇంకా పరాయిదవుతుంది.

ఆమె ఒక్కసారి పెద్దగా నవ్వింది. ఆ నిశ్శబ్దంలో ఆ నవ్వుకు ఆమెకే భయమేసింది.

“గారూ అట, గారూ! పేడకళ్లెత్తేవాడికి మర్యాదలు కూడా వచ్చాయే! ఈ పిల్ల నా బానిస కూతురు. నాకు నచ్చింది. ఎత్తుకుపోతున్నా. కావాలంటే దవాఖానాకొచ్చి విడిపించుకో!”

మోవాను భుజాన వేసుకుంది. పిల్ల ఒళ్లు ఎండుకట్టెలా ఉంది. బెర్మో చెయ్యి కర్ర మీదికి పోయింది. అప్పుడు గోరో ముసలమ్మ, కళ్లనిండా నీళ్లతో, గొంతు చించుకుని నవ్వడం మొదలుపెట్టింది.

“దొంగముండా! పట్టపగలే పిల్లని ఎత్తుకుపోతోంది చూడండర్రా! ఒరే బెర్మో, నవ్వరా. నవ్వు!”

ఒకరు నవ్వాక అది వేళాకోళమే. వేళాకోళానికి కర్రెత్తినవాడు ఏ మందలోనూ తలెత్తుకోలేడు. బెర్మో నోరు నవ్వినట్టు వంకర తిరిగింది. కర్ర కింద పడేసి వెనకాలే నడిచాడు.

దవాఖానాలో ముసలమ్మ పిల్లను చుట్టి పట్టుకుంది. సూది మొదటిసారే దిగింది. ఈసారి బొట్లు కావు; లోపలెవరో తోస్తున్నట్టు ధారగా చిమ్మింది. సజ్జలు కడిగిన నీళ్లలా తెల్లగా, మబ్బుగా ఉంది. అంత చిన్న తలలో ఎన్ని కోట్ల జంటలు కాపురం పెట్టాయో! యగానా నూనె మందు పొడిచి, సీసాను జిందేర్ లారీకి అందించింది. అక్కడి ల్యాబులో జబ్బు రూఢి అయింది; ఆ సీసా వల్లే తొమ్మిదో రోజున టీకాలు దిగాయి. పంతొమ్మిదివందల మందికి తన చేత్తోనే వేసింది. ఈ ఏడు మా ఊళ్లో ముగ్గురే పోయారు. పక్క ఊళ్లో నలభై ఒక్కరు.

దవాఖానాకు తెచ్చిన మూడో రోజే మోవా కళ్లు తెరిచి పాలు అడిగింది. బెర్మో గుమ్మంలోంచి, “ఒసే చేపలబానిసా, నా పిల్లని ఇంకెన్నాళ్లుంచుకుంటావే!” అని అరిచాడు, కూతురు నవ్వుతుందని. మోవా గోడవైపే చూస్తూ పాలు తాగుతోంది. మళ్లీ అరిచాడు. యగానా పిల్ల తలవెనక ఇనపగిన్నె మీద గరిటెతో కొట్టింది. పిల్ల రెప్ప కూడా వేయలేదు.

“పొద్దున్నే తెచ్చుంటే?” అన్నాడు బెర్మో.

యగానా అబద్ధం చెప్పలేదు. “వినబడేదేమో. తెలీదు. నేను నవ్వి పోకుండా ఉండాల్సింది.”

“నువ్వూ నవ్వావు, నేనూ నవ్వాను. చెరిసగం.” తల దించుకున్నాడు. “అక్కడ లోపల ఏదైనా మిగిలిందేమో చూసేవాళ్లెవరైనా ఉన్నారా?”

“రాజధాని నియామేలో చెవుల డాక్టరున్నాడు. నేనే తీసుకెళ్తా.”

పద్నాలుగేళ్లలో ఆమె పెట్టిన మొదటి సెలవు అది. మోవా, గోరో ముసలమ్మ, యగానా ముగ్గురూ మిరపకాయల లారీ మీద వెళ్లారు. ఒక చెవిలో కాస్త వినికిడి మిగిలినట్టుందని, చెవికి పెట్టే యంత్రం అమర్చి, పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్పుతున్నారని డ్రైవరు చేత కబురొచ్చింది. దవాఖానా తలుపుమీద బెర్మో బొగ్గుతో రాయించాడు, వచ్చినవాళ్లు ఆమె ఇక రాదనుకోకుండా: యగానా తిరిగి వచ్చేది ఏప్రిల్ పంతొమ్మిది, శుక్రవారం.