ట్రేల పుస్తకంలోని వేలిముద్ర

మొన్న ఓటేసి బయటికి వస్తే, నా ఈడువాళ్లంతా వేలి మీది సిరా చుక్కను ఫోన్లలో ఫొటోలు తీసుకుని మురిసిపోతున్నారు గానీ, నాకు మాత్రం మా పెద్దమ్మ బొటనవేలు గుర్తొచ్చి తల వాలిపోయింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో గుమాస్తాను. మా గుజ్జు కొనే దేశాల్లో ఎవరో పెద్దలు ఒక సంఘం పెట్టుకుని, మన తోటలు ఎలా ఉండాలో నిబంధనలు రాసి పంపేవాళ్లు. వాళ్లను మన రైతులు ఎన్నుకున్నదీ లేదు, వాళ్ల మొహం చూసిందీ లేదు. అయినా న్యాయం చెప్పుకోవాలి, రైతులందరినీ కూర్చోబెట్టి, తెలుగులో చదివి వినిపించి, ఎక్కువమంది చేతులెత్తితేనే అమలు చేయమని కూడా వాళ్లే రాశారు.

అప్పుడేమో కాయ దిగే కాలం, గేటు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి, ఇక మీటింగుకు తీరికెక్కడిది? ఖాళీ ప్లాస్టిక్ ట్రేలు తీసుకుపోయేటప్పుడు రైతులు వేలిముద్రలు వేసే పుస్తకం నా దగ్గరే ఉండేది. అందులోంచి కాగితాలు చింపి, జరగని సభకు ఏకగ్రీవ తీర్మానం రాసి, ఆ వేలిముద్రల కాగితాలను దాని వెనక కుట్టేశాను. ఎవరూ చెప్పలేదు, నా తెలివే. మేనేజరు భుజం తడితే ఉబ్బిపోయాను కూడా.

మరుసటి ఏడు పెద్దమ్మ తోతాపురి మామిడి లోడు గేటు దగ్గరే ఆగిపోయింది. చెట్ల సందుల్లో టమోటా వేసి మందు కొట్టడం కొత్త నిబంధనకు విరుద్ధమట. పెదనాయన పోయాక ఆ టమోటాతోనే ఆమె ఇల్లు నెట్టుకొస్తోంది. “మమ్మల్ని ఎవురు అడిగినారప్పా?” అని ఆమె నిలదీస్తే, ఆ సంఘం తరఫున తనిఖీకి వచ్చినాయన ఆ కాగితం తెరిచి, ఆమె వేలిముద్రనూ పక్కన నా రాతలో ఉన్న ఆమె పేరునూ చూపించాడు.

నేను అక్కడే ఉన్నాను. పెద్దమ్మకు చదువు రాకపోయినా నా రాత గుర్తుపడుతుంది. కాసేపు చూసి, “మా వోడు రాసినాడంటే సరిగానే ఉంటాది. నేనే మరిసిపోయింటాను” అని ట్రాక్టరు వెనక్కి తిప్పించుకుంది. సిగ్గులేని మనిషిని, ఆ సాయంత్రం ఆమె ఇంట్లోనే అన్నం తిన్నాను.

ఇప్పుడు ఆ సమ్మతి కూడా ఫోన్లోనేనట, రైతు పేరు మీద ఒక్కసారి నొక్కితే సముద్రాలు దాటిపోతుందట. నొక్కేది ఎవరో, ముందుగా చదివి వినిపించేవాళ్లు ఉన్నారో లేదో నాకు తెలియదు. మొన్న నా ఓటు ఇంకెవరైనా వేసేసి ఉంటే ఊరంతా ఏకం చేసి ఉండేవాణ్ణి. పెద్దమ్మ మాత్రం ఆ ఏటి నుంచి పోయేదాకా, తనకు మతిమరుపు వచ్చిందనే అందరికీ చెప్పుకుంది.